ముప్పై ఒకటో ఖానా

బ్యారేజీకి డెబ్బై ఖానాలు.
ఇంజినీర్లు వాటిని అంకెలతో పిలుస్తారు.
మా నాంచారయ్య బాబాయి
పోగొట్టుకున్నవాటితో గుర్తుపెట్టుకుంటాడు.
పన్నెండో ఖానా ముందు సుడిలో సద్దిగిన్నె,
నలభై నాలుగు దగ్గర ఎడమకాలి బొటనవేలి గోరు,
ముప్పై ఒకటి కింద, రాళ్ళ సందులో,
అప్పు తీరకుండానే చిక్కుకుపోయిన కొత్త వల.
వల మునిగింది గానీ
వడ్డీ నెలనెలా తేలుతూనే ఉంది.

సచివాలయం బల్ల మీద కాగితం పరిచి
నేను అడుగుతున్నాను, ఆయన చెబుతున్నాడు.

పడవ నంబరు?
నాలుగు థర్మాకోల్ ముక్కలు, చుట్టూ యూరియా సంచులు,
పైన మీ పిన్ని పాత చీర కట్టు.
దానికి నంబరెవడేస్తాడే?

వేట నిషేధకాలం?
అది సముద్రం వాళ్ళకంట.
మాకు ఎవరూ నిషేధించక్కర్లేదు,
మాఘం దాటితే ఏరే తలుపేసుకుంటుంది.

ఆ నాలుగు నెలలూ ఆయన
బెంజ్ సర్కిల్ అవతల అపార్టుమెంట్లకి సిమెంటు మోస్తాడు.
మెట్లెక్కుతూ కూడా నీళ్ళలో నడిచినట్టు
పాదం తడిమి తడిమి వేస్తాడని
మేస్త్రీ నవ్వుతాడు.

వరదలొస్తే?
కాసేపు మాట్లాడలేదు.
వరదొస్తే గేట్లెత్తుతారు, చేప దిగుతుంది.
వరదొస్తే రాణిగారితోటలో మన గోడా దిగుతుంది.
ఏది రాస్తావో రాయి.

ఉన్నది ఒకటే గడి.

తెల్లారకుండానే కరకట్ట మీద
శేషారత్నం పిన్ని గోనెపట్టా పరుస్తుంది.
స్కూటరు దిగనివాళ్ళు అడుగుతారు:
"చెరువుదా, ఏటిదా?"
కైకలూరు నుంచి ఐసుపెట్టెలో వచ్చిన బొచ్చెల పక్కన
మా రెండు జెల్లలూ ఇంకా మీసాలు కదుపుతుంటాయి.
పిన్ని జవాబు చెప్పదు.
మొప్ప ఎత్తి ఎరుపు చూపిస్తుంది.
బేరం తెగాక బూడిదద్ది కత్తిపీట ముందేసుకుంటుంది.
తలకాయ వద్దనేవాళ్ళంటే ఆమెకు ప్రాణం,
ఆ పూట మా పులుసు అదే.

ఆఖరి గడి: ఆస్తుల వివరం.

అప్పుడే మోగింది గేట్ల సైరను.
బాబాయి లేచి చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.
"రాయి.
ముప్పై ఒకటో ఖానా కింద వల ఒకటి.
కంత రెండంగుళాలు.
అది ఇప్పటికీ చేపల్ని పడుతూనే ఉంటుంది,
తీసేవాడు లేడంతే."

గుమాస్తా
తన పెన్ను తనకిమ్మన్నాడు.