కౌంటు

తెల్లారగట్ల నాలుగున్నరకి
కంపెనీ వ్యాను హారను కొడతాది.
అప్పటికే నేను తొట్టి ముందు గొంతుక్కూచుని
టార్చిలైటు వెలుగులో లెక్కెడుతుంటాను.
ఒకటి... నాలుగు... ఎనిమిది.
తొమ్మిదోది కానరాదు.

పదకొండేళ్లుగా పూసపాటిరేగ షెడ్డులో రొయ్య ఒలుస్తున్నాను.
తల తుంచి, కాళ్లు లాగి, తొక్క జార్చి, నల్లనరం పీకి
ఐసు నీళ్లలో పడేస్తే
కిలోకి ఇంత.
నలభై కౌంటు, అరవై కౌంటు.
మాకు రొయ్యంటే అంకె.
నిద్రలో కూడా నా వేళ్లు దుప్పటి కుట్లు ఊడదీస్తాయని
మా ఆయన గురువులు నవ్వుతాడు.

అలాంటిదాన్ని,
విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో
చేపల కొట్టు అద్దం దగ్గర ఆగిపోయాను.
చిటికెనవేలి గోరంత రొయ్య,
దానిమ్మ గింజ రంగు,
రెండు చేతుల్తో నాచు ఏరుకుని తింటోంది
పప్పులో రాళ్లేరే ముసలమ్మలాగ.
"ఏ కౌంటు?" అనడిగాను.
కొట్టు గుంటడు ఢిల్లీశ్వర్రావుకి అర్థం కాలేదు.
"ఇవి తినడానికి కాదప్పా, సూసుకోడానికి."

నెలరోజులు ఆగమన్నాడు.
ముందు నీళ్లకి ప్రాణం రావాలట,
తర్వాతే నీళ్లలోకి ప్రాణం.
నెల్లిమర్ల వంతెన కింద చంపావతి ఇసక తెచ్చి
బియ్యం కడిగినట్టు ఏడు నీళ్లు కడిగాను.
కుళాయి నీళ్లు రెండు రోజులు బకెట్లో నిలవుంచాను.
ఆ క్లోరిన్ వాసన నాకు కొత్తా?
నా గోళ్ల కిందే దాని కాపరం.
నాచుని నల్లదారంతో రాయికి కట్టాను,
చంటిదాని మొలకి కట్టినట్టు.
వీధి చివర బాదంచెట్టు రాల్చిన ఎర్రాకు ఒకటి
పైన తేలేసి, మునిగేదాకా చూశాను.
నీళ్లు పలచటి టీ రంగుకి తిరిగాయి.

అత్త రాగిచెంబు ముంచబోతే
గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. రాగి వీటికి పడదు.
"మనకి మంచిది, ఆటికి ఇసమా? ఏటి సోద్యమే!"
ఆ రోజంతా ఆవిడ నాతో మాటాడలేదు.

వ్యానులో ఒకటే నవ్వు.
"పులుసెట్టిన్నాడు పిలుత్తావేటే?" అంది తౌడమ్మ.
తొమ్మిదీ కలిపి రెండు గ్రాములు తూగవు,
చింతపండు దండగన్నాను.

తెచ్చిన రోజు సెలైను గొట్టానికి ముడేసి
చుక్కా చుక్కా, రెండు గంటలు
తొట్టి నీళ్లు సంచిలోకి దించాను.
తొందరపెడితే చచ్చిపోతాయట.
గంటకెన్ని కిలోలని గడియారం చూసే
మా సూపర్‌వైజరుకి ఈ మాట ఎవరు చెబుతారు?

మూడో వారం
రాయి పక్కన ఒకటి వెల్లకిలా పడుంది.
గాజులాగ, లోపలేమీ లేకుండా, మీసాలతో సహా.
గుండె జారింది.
లెక్కెట్టాను. తొమ్మిదీ ఉన్నాయి.
మరి ఇదెవరు?

ముక్కు అద్దానికి ఆనించి చూస్తే అప్పుడు తెలిసింది
తొక్క.
కాలికి కాలు, కంటికి కన్ను, ఎక్కడా చిరుగు లేకుండా
తనంతట తానే విప్పి వదిలేసిన తొక్క.
పదకొండేళ్లలో నా చేతికి
ఇంత నీటుగా ఒక్కటీ రాలేదు.

విప్పుకున్నది నాచు వెనక నక్కింది.
ఒళ్లు గట్టిపడేదాకా ఎవరికీ కనబడదట.
షెడ్డునుంచొచ్చి నిమ్మచెక్కతో చేతులు తోముకుని
తలుపు గడియేసుకుని కాసేపు
ఎవరు పిలిచినా పలకను నేను.
అదీ అంతే కాబోలు.

ఇవాళ తొమ్మిదోది దొరికింది,
బాదం ఆకు కింద,
పొట్టకంటిన పసుప్పచ్చ గుడ్లకి
కాళ్లతో విసురుకుంటూ.
ఎన్నో చూద్దామని మొదలెట్టాను.
పన్నెండు, పదమూడు... కదిలింది. మళ్లీ మొదటికి.

వ్యాను రెండోసారి హారను కొట్టింది.
"వస్తందని సెప్పండ్రా" అని
లోపల్నుంచి గురువులు కేకేశాడు.
గ్లౌజులు సంచిలో పెట్టానో లేదో
చూసుకోలేదు.