రెండు నిమిషాల దీపం

ఫహాహీల్‌లో మా బిల్డింగు మేడ మీద
డిష్ యాంటెన్నాలన్నీ ఒకే పక్కకి మొహం తిప్పి ఉంటాయి,
అటునుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.
వాటి నడుమ, బోర్లించిన పెయింటు డబ్బాల మీద
గురువారం రాత్రి మేం నలుగురం.

ఓబులేసు ఏసీ మెకానిక్కు.
ఖాజాపీరు నీళ్ల ట్యాంకరు తోలుతాడు.
సత్యదానం రాజోలు వాడు, వెల్డరు.
నేను బఖాలాలో అరువు పద్దులు రాస్తాను.
లింబాద్రి రిఫైనరీ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు.

మా ఊళ్లు వేరు, యాసలు వేరు.
మమ్మల్ని కలిపింది ఒక్కటే,
చిన్నప్పటి ఆదివారం పొద్దున టీవీలో
హిందీలో వచ్చిన 'దూర్ కీ చౌకీ'.
చౌకీ అంటే కాపలా ఠాణా అని అప్పుడెవరికి తెలుసు?
ఆకాశంలో చౌక దుకాణం కథ అనుకున్నాను నేను.
కిరోసిన్ ఎప్పుడు పోస్తారా అని
నాలుగు వారాలు చూశాను.

"ఆ ఓడ థర్మాకోల్‌ది ల్యా" అంటాడు ఖాజాపీరు.
"తలుపు మూస్తే గోడంతా ఊగుతాండె."
"బరువు లేదు బరువు లేదంటూనే
ఆ కెప్టెన్ మెళ్లో గొలుసు తిన్నగా వేలాడేదండీ"
అని సత్యదానం.
ఓబులేసు ఒప్పుకోడు.
ఊగిన గోడ కూడా వాడికి గోడే.

దాని వెనకే ఇంకో కార్యక్రమం,
మోచేతి దగ్గర చిరిగిన స్వెట్టరు మాస్టారు,
నిమ్మకాయలతో కరెంటు తీసేవాడు.
సత్యదానం వాళ్లమ్మ ఊరగాయ జాడీలో మేకులు గుచ్చాడట.
బల్బు వెలగలేదు గానీ వీపు వెలిగిందట.
ఓబులేసు ముంజేతి మీద మాత్రం
ఆ మాస్టారు స్పిరిట్ దూది రాయించిన చల్లదనం
ఇంకా ఆరలేదు.
"ఆ చల్లదనమే ఇప్పుడు నాకు బువ్వ పెడతాండాది" అంటాడు.

చివరి వారం దగ్గర ఎప్పుడూ తగాదా.
కెప్టెన్ చచ్చాడని ఒకడు,
ఓడెక్కి చెయ్యూపాడని ఇంకొకడు.
"చూడ్డానికి నీకు కరెంటు యాడిది?
ఆ పొద్దు తుపాను అని నువ్వే గదా అంటివి!"
నిజం చెప్పాలంటే
మా అందరి ఊళ్లలోనూ ఏదో ఒక నిమిషంలో కరెంటు పోయింది.
పోయినచోట ఎవడి ముగింపు వాడు కట్టుకున్నాడు.

ఓబులేసు లేచాడు.
పెయింటు డబ్బా నెత్తిన బోర్లించుకున్నాడు,
ఐదో తరగతిలో బకెట్టు బోర్లించుకున్నట్టు.
అప్పట్లో అర్థం తెలియకుండానే
శబ్దాలు మాత్రం బట్టీ పట్టిన మాట,
బడంతటినీ నవ్వించిన మాట,
డబ్బా లోపల్నుంచి మోగుతూ వచ్చింది:
"బత్తీ మత్ బుఝానా. ఏక్ ఆద్మీ అభీ బాహర్ హై."

మాకు హిందీ ఇక్కడికొచ్చాకే వచ్చింది,
ఫోర్‌మన్ తిట్లతో మొదలై.
ముప్పై ఏళ్లు నోట్లో నానిన మాట
ఈ రాత్రి వాడికే మొదటిసారి అర్థమైంది.
డబ్బా కదల్లేదు.

దీపం ఆర్పొద్దు.
ఒక మనిషి ఇంకా బయటే ఉన్నాడు.

దూరంగా రిఫైనరీ మంట
మేఘం లేని ఆకాశానికి రాగిరంగు పూస్తోంది.
ఎవరం ఏమీ అనలేదు కాసేపు.
తర్వాత సత్యదానమే,
"అయితే ఆ బయటున్నోడు ఎవడండీ?
ఆరుగురూ లోపలికొచ్చేశారుగా, లెక్కెట్టాను నేను."
మళ్లీ మొదలు.

మెట్ల మీద లైటు ఇక్కడ
మీట నొక్కితే రెండు నిమిషాలు.
ఆ తర్వాత దానంతటదే ఆరిపోతుంది.
ఆరిన ప్రతిసారీ
మాలో ఒకడు మాట మధ్యలోనే లేచి వెళ్లి
నొక్కి వచ్చాడు.
ఎందుకని ఎవరూ అడగలేదు.

ఒంటిగంటన్నరకి బూట్ల చప్పుడు.
నారింజరంగు కవరాల్, చంకలో హెల్మెట్,
మొహమంతా ఏదో గ్రహం దుమ్ము.
లింబాద్రి మమ్మల్ని చూశాడు,
డబ్బా ఇంకా దించని ఓబులేసుని చూశాడు.

"ఏందిర, ఇంక పండలేదా?" అన్నాడు.
"అన్నమున్నదా?"