కుడివైపు కింది మూల

తెర మీద ఆ మూల చచ్చిపోయింది.
మిగతా అద్దమంతా బతికే ఉంది,
వేలు ఆనితే చాలు ఉలిక్కిపడి వెలుగుతుంది.
ఆ గోరంత మేర మాత్రం
ఎంత నొక్కినా ఉలకదు, పలకదు.
డిస్కును బయటికి తోసే గుర్తు
సరిగ్గా అక్కడే ఉంది.

నాకంటే ముందు ఈ కారు జపానులో ఎవరిదో.
ఓడ దిగి, రైలెక్కి, గోబీ దాటి
ఉలాన్‌బాతర్ కార్ల సంతలో నా చేతికొచ్చింది.
స్టీరింగు మా రోడ్లకు పెడవైపున,
సీటు కింద మడత గొడుగు,
గొంతులో ఒక డిస్కు.
"పాటలు ఊరికే ఇస్తున్నా అక్కా" అన్నాడు అమ్మినవాడు.

పాటలు కావవి.
ఎవరో పిల్లో పిల్లాడో
పియానో నేర్చుకుంటున్న పదకొండు పాఠాలు.

ఆ అక్షరాలు నాకు రావు, ఆకారాలు పట్టుకున్నాను.
రెండు కొమ్ముల కిటికీ నొక్కితే తర్వాతి పాఠం.
గుమ్మం కింద చేతులు చాచిన మనిషిని నొక్కితే వెనక్కి.
పటం నొక్కితే అంతా నీలం,
నీలం నడుమ ఒంటరి బాణం, నేనే.
సముద్రమే లేని దేశంలో
రెండేళ్ళుగా సముద్రం మీద టాక్సీ నడుపుతున్నాను.

చలికాలం పొద్దున్నే, సున్నాకి ముప్పై కింద,
బొగ్గుపొగలో గుడారాల వాడ దగ్గు మొదలుపెట్టే వేళ
తెర నాకన్నా బద్ధకంగా లేస్తుంది.
తొడుగేసిన వేలును గుర్తుపట్టదు.
తొడుగు పళ్ళతో లాగి, వేలు నోట్లో పెట్టుకుని,
వెచ్చబడ్డాక తుడుచుకుని
అప్పుడు ముట్టుకోవాలి, చంటిబిడ్డ నుదురు ముట్టుకున్నట్టు.

మొదటి నెల గొంతు నొక్కేసి ఉంచాను.
తర్వాత ఎప్పుడో ఏడో పాఠం చెవిన పడింది.
బాగానే మెట్లెక్కుతూ ఎక్కుతూ
ఒకచోట వేలు జారుతుంది.
నిశ్శబ్దం. కుర్చీ కిర్రుమంటుంది.
ఒక ఆడగొంతు: "మూ…"
ఆ వెనక ఇంకేదో, ముక్కలుగా.

మూ అంటే మా భాషలో చెడ్డ.
పసివాళ్ళను అంత మాట అంటుందా?
ఆ మనిషి మీద నాకు మంట.
సిగ్నళ్ళ దగ్గర ఆగినప్పుడల్లా పోట్లాడేదాన్ని,
నువ్వు వాయించి చూపించు తల్లీ, చూద్దాం అని.
వెనక సీటులో వాళ్ళు
నేను ఫోనులో తిడుతున్నాననుకునేవాళ్ళు.
ఒక పోలీసాయన "ఆపమ్మా ఈ గోల" అన్నాడు.
ఆగదని చెప్పి మూల చూపించాను.
ఆయనా నొక్కి చూశాడు,
టోపీ తీసి మళ్ళీ నొక్కాడు.

రికార్డయిన తప్పు మారదని తెలుసు.
అయినా ఏడో పాఠం వచ్చేసరికి
స్టీరింగు మీద చేతులు బిగుస్తాయి,
ఈసారైనా దాటుతుందేమోనని.

మొన్న స్టేషను దగ్గర ఒతొన్‌చిమెగ్ అనే ఆవిడ ఎక్కింది.
చేపల డబ్బాల ఫ్యాక్టరీలో నాలుగేళ్ళు
వాళ్ళ మధ్యే పనిచేసి వచ్చిందట.
చేతులు ఇంకా ఉప్పు పట్టినట్టే ఉన్నాయి.
నా తిట్లు విని పకపకా నవ్వింది.
"చెడ్డ కాదు. మో ఇక్కాయ్.
ఇంకొక్కసారి అంటోంది ఆవిడ."

డబ్బులిచ్చి, చిల్లర పుచ్చుకుని దిగిపోయింది.
నేను బండి కదపలేదు.
వెనకవాళ్ళు హారన్లు.
రెండేళ్ళు! ఒక్క మనిషినీ అన్నన్ని తిట్టలేదు జన్మలో.

ఇవాళ మంచు కరుగుతోంది.
కిటికీ తుడుస్తుంటే గుడ్డ కొస తగిలిందో
ఎండ తగిలిందో, చచ్చిన మూల ఒక్క క్షణం లేచింది.
కిర్రుమని డిస్కు నాలుక బయట పెట్టింది.
మీద నల్ల సిరాతో ఏదో పేరు,
పక్కన పిల్లి బొమ్మ, ఒక మీసం చెరిగింది.

టూల్ వంతెన మీద రేడియో కోసం వెతికితే
ఎవరో సిమెంటు అమ్ముతున్నారు.

వేలితో మెల్లగా లోపలికి తోశాను.
తెర మీద ఆ మూడక్షరాలు వెలిగాయి,
అర్థం ఆవిడే చెప్పింది దిగేముందు:
చదువుతోంది.