విరబోసిన సవరం

పెరుంబాక్కంలో, మా ఎనిమిదంతస్తుల కింద,
పార్కు కడతామని వదిలేసిన ఇసుక నేలలో
రెండు ట్యూబ్‌లైట్ల మధ్య ఈ రాత్రికి అడవి.

నేను ఐదుగురి ఇల్లాలిని.
పగలైతే చెంగయ్యని. చీపురు పట్టి కాసిన చేతులకి
గాజులు ఎక్కక సబ్బు రాసి తోశాను.
ఇరవై రెండేళ్లుగా ఇదే వేషం.
సవరం ముడెయ్యకూడదు. ఒట్టు ఉంది కదా.

పెద్దాయన వేషం మా అన్న పెంచలయ్యది.
అట్టకిరీటం తీసేసి, గోనెపట్టా కట్టుకుని
చెట్టు కింద కూర్చున్నాడు.
చెట్టంటే, వేపమండ కట్టిన ప్లాస్టిక్ కుర్చీ.

నేను అడగాలి. కట్టిన పదంలో ఉన్నంతే అడగాలి:
మేడ పోయె, పరుపు పోయె, ఓర్పు ఓర్పంటివి,
ఓర్చినందుకు ఒరిగిందేమయ్యా?

అడిగాను.
ఆ తర్వాత నోరు ఆగలేదు.

కూవం ఒడ్డున మన గుడిసెకి కంపే గోడ.
అయినా గోడే గదన్నా.
బుల్‌డోజర్ వచ్చిన పొద్దున అందరం అడ్డం కూచుంటే
కాగితం మీద మొదటి వేలిముద్ర ఎవరిది?
పెద్దోళ్లు మాటిచ్చారు, తప్పరు, అన్నదెవరు?
పాచికలు కూడా లేవు ఆ పొద్దు,
నీలం సిరా డబ్బా, అంతే.
నన్నడిగి ఒడ్డావా? అంకమ్మనడిగి ఒడ్డావా?

అంకమ్మ.
వేషంలో ఉండి నా పెళ్లాం పేరు పలికాను.
లిఫ్టు చెడిన రోజు దుప్పట్లో వేసుకుని దిగుతుంటే
నాలుగో అంతస్తు మలుపులో
దుప్పటి బరువు మారింది.
ఆ మెట్టు నాకు తెలుసు. రోజూ దాటతాను, తొక్కను.

ఎవడురా ఆ పైవాడు? అని అరిచాను.
ఆడగొంతు జారిపోయి నా గొంతే బయటికొచ్చింది.
పరీక్ష పెడుతున్నాడంటారే,
వాడి పేపరు దిద్దేదెవరు?

కొత్త పదమేమో అనుకున్నారు కొందరు.
ఒకడు ఈల వేశాడు. చంటిపిల్ల ఏడ్చింది.

అన్న ఇప్పుడు చెప్పాలి,
ధర్మం బేరానికి కాదు, దాని కోసం అదే అని.
ఇరవై రెండేళ్లుగా తడుముకోకుండా చెప్పే మాట.
పెదవి కదిలింది. పచ్చరంగు చెమటతో గడ్డం దాకా జారింది.
"నాకూ తెలీదురా" అన్నాడు,
మైకుకి అందనంత చిన్నగా.
హార్మోనియం గురవయ్య గబుక్కున శ్రుతి ఎత్తుకున్నాడు.

నాలుగున్నరకి మొదటి బస్సు.
సీటు దొరకలేదు. ఇద్దరికీ టికెట్ వాడే తీశాడు.
వాడి చెవి వెనక రంగు ఇంకా ఉంది,
చెప్పలేదు నేను.
నా సంచిలో అన్నం డబ్బా మీద
సవరం విరబోసుకునే ఉంది.

షోళింగనల్లూరు దగ్గర గుడి దీపం కనపడింది.
అన్న చెయ్యి అలవాటుగా చెంప దాకా లేచి,
ఆగి,
కడ్డీ పట్టుకుంది.

నాది, పాడు చెయ్యి, ఆగలేదు.