ఐదు వేళ్ల ఆకు

సిత్రాల మా క్యాంపు మిద్దె మీద
పదకొండు పెయింటు డబ్బాలు.
ఇత్తులు ముత్తెన్న తెచ్చిండు,
బనీను అంచు మడతల కుట్టుకొని.
కస్టమ్స్ కుక్క ఒకసారి మూచ్చూసి వదిలేసిందట.
ఆయన చెప్పేదాంట్ల నేను సగమే నమ్ముత.

అక్టోబర్ల ఏసినం, ఎండ మెత్తబడ్డంక.
ఏసీల కింద బకెట్లు పెట్టి
కారిన నీళ్లు కారినట్టు పోసినం.
డిసెంబర్‌కు మోకాలెత్తు.
ఎర్ర కాడ, సన్న ముండ్లు,
జీతం కోసం చెయ్యి సాపినట్టు
ఐదు వేళ్ల ఆకు.

ఎప్పుడు తెంపాలె?
రాత్రి డ్యూటీ దిగేటోళ్లు, పొద్దుగాల ఎక్కేటోళ్లు
మెట్ల మీద ఎదురుపడితె ఇదే ముచ్చట.
పోశెట్టి అంటడు:
కొన విరిస్తె టప్పుమనాలె,
వంగిందంటె ముదిరింది, ఇగ తాళ్లకే.
రేపల్లె కోటయ్య అంటడు:
ముందు దాన్ని పుంటికూర అనటం మానండి,
గోంగూర అని ఒప్పుకోండి, తర్వాత చెబుతా.
నేనైతె రోజుకొక ఆకు నమిలి చూసేటోన్ని.
ఆకు వచ్చింది,
పులుపు ఇంక తొవ్వలనే ఉన్నది.

ఒక శుక్రవారం క్యాంప్ బాస్ పైకొచ్చిండు,
డిష్ సరిచేసెటందుకు.
డబ్బాల కాడ ఆగిండు.
మా ఆకు ఫోటో తీసిండు,
ఫోన్ల ఇంకేదో ఆకు ఎతికి
రెండు పక్కపక్కన పెట్టి
మా మొకాలు చూసిండు.
"ఆదివారం తనిఖీ ఉంది" అన్నడు.
గంతే.

గేటు కాడి గుల్జమాన్‌ను పిల్చుకొచ్చినం.
ఆకును నలిపి ముక్కు కాడ పెట్టుకున్నడు.
వాళ్ల కొండలల్ల అది రోడ్డు పొంటి మొలుస్తదట,
చిన్నప్పుడు దాంట్లనే బంతి పోయేదట.
"ఇది అది కాదు" అన్నడు.
కొంచెం సేపాగి,
"అయితె ఈడ ముక్కుతోని ఎవడు చూస్తడు?" అన్నడు.

పోలీసుల ముంగటనే నములుత అన్నడు ముత్తెన్న.
మొకం ముడుచుకుపోతది గద, అదే సాక్ష్యం.
పులుపే దిగలేదు గద అన్న నేను.
ఎవ్వరు నవ్వలె.

శనివారం రాత్రి ఫ్లడ్‌లైటు కింద,
రిఫైనరీ మంట ఊగుతుంటె,
తెంపుడు గాదు, పీకుడే.
ఏర్లకు మట్టి ఏలాడంగ
చెట్టుకు చెట్టు.
అరచేతులల్ల ముండ్లు తెల్లారినంక కనపడ్డయి.

తొమ్మిది మందికి ఒక్క గిన్నె.
ఎల్లిపాయ, ఎండుమిర్చి, ఉల్లిగడ్డ.
పులుపు చాలక కోటయ్య నిమ్మకాయ పిండిండు.
పుంటికూరల నిమ్మకాయ!
మా అవ్వ చూస్తె గంటె తిరగేసేది.
బాగుంది, బాగుంది అన్నరందరు
ఒకరి మొకం ఒకరు చూడకుంట.

ఆదివారం ఎవరు రాలె.
సోమవారం గూడ.

ఫిబ్రవరిల నీళ్ల ట్యాంకు కారుతుందంటె
రెంచి పట్టుకొని పోయిన.
ట్యాంకు ఎనక పదకొండో డబ్బ.
ఆ రాత్రి ఎవరు లెక్కపెట్టిండ్రు?
నా భుజమెత్తున్నది.
పూసింది.
లేత పసుపు రేకులు, గొంతుల నల్లెరుపు.

పోశెట్టి వచ్చి చుట్టు తిరిగి చూసిండు.
రాత్రి పొడుగైతెనే గోగు పూస్తది అన్నడు.
మిగిలినవాటి మీద తెల్లందాక లైటు కొట్టేది,
వాటికి రాత్రే కాలేదు.
దీనికి ట్యాంకు నీడల
ఇంత చీకటి దొరికింది.

ఒక ఆకు తెంపి నమిలిన.
దవడలు గుంజినయి,
కండ్లల్ల నీళ్లొచ్చినయి.
వచ్చింది పులుపు, నిమ్మకాయ అక్కర లేకుంట.

తెంపుదామా?
పోశెట్టి కొన విరిచిండు.
వంగింది. చప్పుడు రాలె.
"ఉండనియ్యి" అన్నడు,
కాడను పైపుకు గుడ్డపేలికతోని కట్టుకుంట.
కాయ ఎండాలంటె ఇంకో నెల.
ముత్తెన్న వీసా మార్చి పదిదాక.

కింద తాడు మీద
ముత్తెన్న బనీను ఆరుతున్నది,
అంచు కుట్టు ఇప్పి ఉన్నది.