ఉద్యోగం రొట్టె

శుక్రవారం సాయంత్రంలోగా చెప్పాలంట.
సరే అని గానీ, వద్దు అని గానీ.
ఆ రెంటికీ మధ్య మాట
వాళ్ళ ఫారంలో లేదు.

సప్పొరో అనే ఊరు.
మ్యాపులో వేళ్ళతో పెద్దది చేస్తే
గళ్ళ నోటుబుక్కులా వీధులు.
ఏడాదిలో నాలుగు నెలలు మంచు.
లిఫ్టు ముందు ఏ అంతస్తులో ఆగాలో
దానికి చెప్పే ప్రోగ్రాములు రాయాలి.

మాకు లిఫ్టంటే
అల్లూరు సెంటర్లో చెయ్యెత్తి అడిగేది.
నాలుగేళ్ళ కాలేజీకి సగం రోజులు అట్నే పోయా.
ఏ స్కూటీ ఆగుతుందో, ఏది ఆగదో
అద్దం కూడా కనపడనంత దూరం నుంచే చెప్తా.
ఇంటర్వ్యూలో ఆ మాట అనలేదు.

ఒంటరిగా ఉండగలరా, అని అడిగారు.
మా ఇంట్లో స్నానాల గది తలుపుకి
గడి కూడా సరిగ్గా పడదు.
ఉండగలను, అన్నా.

రాత్రి రొయ్యల తూకం చీటీ వెనక
లెక్క వేసుకుంటూ కూర్చున్నా.
ఒకపక్క జీతం, అద్దె,
టికెట్టు వాళ్ళే కొనిస్తారంట.
ఇంకోపక్క,
రైల్లో ఫోను మాట్లాడకూడదంట.
(మావాళ్ళు మాట్లాడితే
అవతలివాళ్ళకి ఫోనే అక్కర్లేదు.)
చెత్త రకరకాలుగా విడదీసి
ఒక్కో రకం ఒక్కో వారం బయట పెట్టాలంట.
కాదు అనే మాట అనకుండానే
కాదని చెప్తారంట.
నాకేమో ఔననడమే చేతకావట్లేదు.
పచ్చి చేప, అని రాసి కొట్టేశా.
రాత్రి కాచిన పులుసు తెల్లారి తినేవాళ్ళం,
ఒకళ్ళ కూడు మీద మనకేంది మాట.

చలి, అని రాశా.
"ఏందది?" అనింది అమ్మ. చదివి వినిపించా.
పన్నెండేళ్ళుగా షెడ్డులో
ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచే మనిషి.
వేళ్ళు చాపింది. గోళ్ళ చుట్టూ తెల్లగా నాని.
"చలికి ఎంతిస్తారో అడిగినావా?
మాకు కిలో లెక్కన ఇస్తారు."
నవ్విందో లేదో దీపం కింద తెలీలేదు.
ఆ మాట కూడా కొట్టేశా.

నిరుడు స్వర్ణాల చెరువులో
మోకాలి లోతు నీళ్ళలో నేనూ షంషాదూ
ఒకే రొట్టె పట్టుకున్నాం.
ఇచ్చినామె కావలిలో టీచరంట,
ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె అని
గొంతు పోయేదాకా అరుస్తుండింది.
విదేశీ రొట్టె నాలుగడుగుల అవతలే ఉండింది.
దానివంక తిరిగి కూడా చూడలేదు.
నేను అడిగింది వట్టి ఉద్యోగం.
ఊరి పేరు కూడా చెప్పి అడగాలని
ఎవరన్నా చెప్తే కదా.

ఈరోజు బుధవారం. మళ్ళీ అవే నీళ్ళు.
పళ్ళెంలో అమ్మ కాల్చిన రొట్టెలు రెండు.
కోరిక తీరినవాళ్ళు ఇవ్వాలి,
తీరనివాళ్ళు పుచ్చుకోవాలి.
మెయిలు వచ్చింది కదా, తీరినట్టే.
సంతకం పెట్టలేదు కదా, తీరనట్టే.
కాళ్ళ కింద బురద జరుగుతుంటే
ఒక్కచోట నిలబడ్డా.

గుంపులోంచి షంషాద్ వచ్చింది.
ఏడాదికి పద్నాలుగు ఇంటర్వ్యూలు దానివి.
నా సంగతి దానికి మొత్తం తెలుసు.
అయినా ఎరగనట్టు, అందర్నీ అడిగినట్టే
"ఉద్యోగం రొట్టేనా?" అనింది, ఒడి పట్టి.

ఇచ్చేస్తే ఇంక శుక్రవారం దాకా ఆగే పనిలేదు.
ఇవ్వకపోతే ఈ పిల్లకి ఏమని చెప్పేది?
రైల్లో మాట్లాడనియ్యరే, అనా?

"ఈసారి ఊరు కూడా చెప్పి అడుక్కోమే," అన్నా.
"యాడైనా పర్లేదు," అనింది.
అంత తేలిగ్గా.

రొట్టె దాని ఒడిలో పడింది.

ఇంకొకటి మిగిలింది పళ్ళెంలో.
తడి అంచు కాళ్ళకి చుట్టుకుంటుంటే
విదేశీ రొట్టె అని అరుస్తున్న వైపు నడిచా,
ఇవ్వడానికో,
అడగడానికో.