మొత్తం అనే గడి

నరీన్‌లో నది గడ్డకట్టే రోజుల్లో
కలంలో సిరా కూడా బిగుసుకుంటుంది.
చంకలో పెట్టుకుని వెచ్చచేసి
రసీదులు రాస్తాను,
కంటాసుపత్రి మెట్లకింది గదిలో
పంతొమ్మిదేళ్ళుగా.

పేరు. ఊరు. దేనికోసం. మొత్తం.
ఎంతటివాళ్ళయినా
నాలుగు గడుల్లో సర్దుకోవాల్సిందే.

గనికూలీ ఎర్మెక్ నెలకి రెండొందల సోములిస్తాడు.
దేనికోసమంటే "నీకు తెలుసుగా" అంటాడు.
రేచీకటి పరిశోధన, అని రాస్తాను.
ముగ్గురు చెల్లెళ్ళు వాడికి.
పొద్దుగుంకితే ముగ్గురికీ
లోకం తాళంవేసిన దుకాణం.
ఆ మందు కనిపెట్టేనాటికి
వాళ్ళకి అక్కరకు రాదని వాడికి తెలుసు.
"ఎవరి పిల్లలకో పనికొస్తుందిలే"
టోపీ అయినా తీయడు ఆ మాట అనేటప్పుడు.

పిడకలమ్మే జూరాకాన్
రుమాలు ముడివిప్పి నాణేలన్నీ బల్లమీద పోసి
బస్సుకని ఒకటి వెనక్కి తీసుకుంది.
తీసుకున్నందుకు సిగ్గుపడింది.
ఆమె రసీదుమీద ముద్ర
బల్ల అదిరేలా గుద్దాను.

రాజధాని కంపెనీవాళ్ళు తెచ్చిన చెక్కు
మంచమంత ఉంది. గుమ్మంలో పట్టలేదు.
బయట మంచులో నిలబెట్టి ఫొటో తీసుకున్నారు.
నవ్వొచ్చింది గానీ
మేడమీది మైక్రోస్కోపు ఆ డబ్బుదే.
అబద్ధమెందుకు.

ఇక కసాయి సాదిర్‌బెక్.
రోజూ తెల్లారకముందే వస్తాడు.
మూతబెట్టిన బకెట్టు, ఉప్పునీళ్ళు,
అందులో పన్నెండు గొర్రెకళ్ళు.
డాక్టరీ చదివే పిల్లలకు
చెయ్యి తిరిగేది వాటిమీదే.
మనిషి కంటిమీద కత్తి పెట్టాలంటే
ముందు వంద గొర్రెలు మిమ్మల్ని క్షమించాలి
అంటుంది వాళ్ళ పెద్దడాక్టరమ్మ.

మా వైపు
గొర్రె తలకాయ పెద్ద అతిథికి వడ్డిస్తారు.
ఒక కన్ను ఆయన తిని, రెండోది
మళ్ళీ మళ్ళీ చూడాలనిపించే మనిషికి ఇస్తాడు.
సాదిర్‌బెక్ రెండూ మాకే ఇచ్చేస్తున్నాడు.
ధర చెప్పవయ్యా, గడి నింపాలి, అంటే
"కంటికి ధరేంటక్కా
నేను మాంసం అమ్ముకునేవాణ్ణి" అన్నాడు.
ఆ గడి ఖాళీగా వదిలేశాను.
వదిలేశాననే అనుకున్నాను.

రెండు చలికాలాలుగా
కిటికీ అద్దం నేనెంత తుడిచినా మసకే.
ఎవరికీ చెప్పలేదు.
కంటాసుపత్రి గుమాస్తాకి కళ్ళు కనపడవంటే
ఊరంతా నవ్వదూ?
బెగిమాయ్ పట్టేసింది.
చేరిన కొత్తలో గొర్రెకన్ను చిదిపేసి
ఈ మెట్లకిందే కూచుని ఏడ్చిన పిల్ల.
"శుక్లం ముదిరింది పిన్నీ. నేనే తీస్తాను."
"నువ్వా!"
"నేనే. నూటనలభై ఆరు గొర్రెల తర్వాత."

బల్లమీద పడుకున్నాను.
వెలుగు. నీళ్ళు. ఊపిరి బిగబట్టిన ఆ పిల్ల.
పాము కుబుసం జారినట్టు
ఏదో జారిపోయింది.

నాలుగోరోజు రిజిస్టరు తెరిస్తే
అమ్మో, నా రాతేనా ఇది!
అక్షరాలు వాలులో గొర్రెల్లా కిందికి దిగిపోతున్నాయి.
ఎర్మెక్ రెండొందలు జూరాకాన్ ఖాతాలో,
కంపెనీవాళ్ళ లక్షలమీద ఆమె చిల్లర.
మొత్తం అనే గడిలో
పేజీ తర్వాత పేజీ
సాదిర్‌బెక్, సాదిర్‌బెక్, సాదిర్‌బెక్.

మార్చిలో లెక్కలు చూసేవాళ్ళొస్తారు.
ఎర్రసిరాతో అన్నీ దిద్దాను.
ఆ ఒక్క గడి జోలికి పోలేదు.

ఇవాళ బకెట్టు దించుతుంటే
మొదటిసారి అతని మొహం సరిగ్గా చూశాను.
ఎడమకంట్లో పాలమీగడలా పల్చటి పొర.
"మేడమీదికి పద."
"కొట్టు తెరవాలక్కా."
రసీదు చింపి చేతిలో పెట్టాను.
పేరు: నీదే.
దేనికోసం: బుధవారం, ఎనిమిదింటికి, బెగిమాయ్ దగ్గర.

చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు,
దగ్గరికి తెచ్చుకున్నాడు,
మళ్ళీ దూరంగా.
చదివినట్టే తలూపి
నెత్తురంటిన జేబులో మడిచి పెట్టుకున్నాడు.